రెండు మౌనములు

బోధను పట్టణమునందలి వృద్ధులను పలుకరించినచో, తమ యూరు పూర్వము ఏకచక్రపురమనియు, భీమసేనుడు బకాసురుని వధించిన తావు ఇదియే యనియు చెప్పుదురు. ఇట్టి ప్రతీతి భారతదేశమున మఱికొన్ని యూళ్లకును గలదు. ఏది సత్యమో తేల్చుట చారిత్రకుల పని. మేమా వివాదమున జొరబడము. అయితే ఒక యూరు తన్నుగూర్చి తరతరములుగా చెప్పుకొను కథలో ఆ యూరికి పనికివచ్చు నీతి యొకటి దాగియుండుననియు, దానిని వెలికిదీసి చూచుకొనుట ఆ యూరివారి విధియనియు మా యభిప్రాయము. చెఱకుతోటల నడుమ నున్న ఈ సీమకు ఆ కథ చెప్పు నీతి, మేము తలచినంతవఱకు, భీముని భుజబలమును గూర్చినది కాదు. గోడకావలి యేడుపు విని లేచిన ఒక స్త్రీని గూర్చినది.

కథ మన చదువరులకు తెలిసినదే. లక్కయింటినుండి తప్పించుకొన్న పాండవులు బ్రాహ్మణవేషమున ఏకచక్రపురము చేరి ఒక గృహస్థునింట తలదాచుకొనిరి. ఒకనాడు కుంతియు భీముడును బసలో నుండగా లోపలి భాగమునుండి యేడుపు వినవచ్చెను. ఆనాడు ఆ యింటి వంతు. బండెడు అన్నమును, రెండు దున్నపోతులను, వానితోపాటు ఒక మనుష్యుని బకునకు పంపవలెను. తండ్రి తాను పోదుననెను. తల్లి తాను పోదుననెను. కూతురు తాను పోదుననెను. మాటలైనను సరిగా రాని చిన్నపిల్లవాడు ఒక గడ్డిపరకను చేతబట్టుకొని, దీనితో ఆ రక్కసుని నేనే చంపుదునని ముందునకు వచ్చెను. అంతటి దుఃఖమునందును పెద్దలు చిఱునవ్వు నవ్విరి. ఆ క్షణము కనిపెట్టి కుంతి వారిని సమీపించి, మీకు వచ్చిన కష్టమేమని యడిగెను.

ఇచట మనము నిలిచి చూడవలసినది రాక్షసుని కాదు, ఊరిని. అంత యూరు ఒక్క బకునితో ఒడంబడిక చేసికొన్నది. ఒడంబడిక కాలక్రమమున ఆచారమయ్యెను, ఆచారము మర్యాదయయ్యెను. తనవంతు రానినాడు ప్రతి యింటివాడును తలుపు వేసికొని అన్నము తినెను. పొరుగింటి యేడుపు పొరుగింటిదే యని యూరకుండెను. బకుడు బలవంతుడగుట అతని కండలచేత మాత్రమే కాదు. ఊరివారి మౌనముచేత గూడ. కుంతి చేసిన పని చాల చిన్నది. ఆమె విన్నది, విన్నదానిని విననట్లు నటింపలేదు, లేచి వెళ్లి అడిగినది. తక్కిన కథయంతయు ఆ యొక్క ప్రశ్నవలన నడచినది.

బాలలపై జరుగు హింసనుగూర్చి ఆలోచించునపుడెల్ల మాకు ఈ కథయే జ్ఞప్తికి వచ్చుచున్నది. ఏలయన, ఈ హింస అడవిలో తెలియని మృగమువలన కలుగునదని మనము భ్రమపడుచున్నాము. పిల్లలకు మనము నేర్పు జాగ్రత్తయంతయు ఎఱుగనివానిని గూర్చియే: వాడు మిఠాయి యిచ్చినచో పుచ్చుకొనకుము, వాని వెంట పోకుము, అని. ఇది వలసినదే. కాని 2007లో కేంద్రప్రభుత్వ మహిళా శిశు అభివృద్ధి శాఖవారు ప్రకటించిన పరిశీలన వేఱొక సంగతి చెప్పినది. 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను విచారించి చేసిన పరిశీలన యది; నాటి ఆంధ్రప్రదేశము ఆ రాష్ట్రములలో నొకటి. నూటికి 53 మందికి పైగా ఏదో యొక రూపమున లైంగికహింసను తామనుభవించితిమని చెప్పిరి. అట్లు చెప్పినవారిలో బాలురు సగమునకు కొంచెము మించియే యుండిరి. హింసించినవారిలో సగముమంది పిల్లలెఱిగినవారు, వారు నమ్మవలసిన స్థానమున నున్నవారు. ఆ సంగతిని అధికసంఖ్యాకులు ఎవరితోను చెప్పియుండలేదు.

కావున ప్రశ్న ఇట్లు నిలుచుచున్నది. ఇంటిమర్యాద యనునది బిడ్డ నోరు మూయవచ్చునా? మూసినచో అది ఇంక మర్యాదయేనా?

నిజామాబాదు సీమలో ఈ ప్రశ్న గ్రంథములలోనిది కాదు; నేలలో పాతుకొన్నది. పూర్వము ఇందూరని పేరుగల ఈ ప్రాంతమున జోగినియాచారము బహుకాలము వేళ్లూని యుండెను. పేదయింట, హెచ్చుగా అంటరానివారని వెలివేయబడిన కుటుంబములలో, బిడ్డకు జబ్బు చేసినప్పుడో, ఊరికి వానలు పడనప్పుడో, ఆడుబిడ్డను దేవతకు విడిచెదమని మ్రొక్కుకొందురు. ఆటలాడు వయస్సుననే ఆ పిల్ల మెడలో తాళి కట్టుదురు. వివాహము దేవతతోననిరి, యుక్తవయస్సు వచ్చిన పిమ్మట అధికారము మాత్రము ఊరిలో భూమిగలవారిదయ్యెను. ఆమె ఊరందఱిది యనుటయే ఆచారము. అందఱిది యనగా ఆమెకొఱకు అడుగువారెవరును లేరని యర్థము. ఆమెకు పుట్టిన బిడ్డ బడికి పోయినచో తండ్రి పేరేమని యడుగుదురు. ఆ ప్రశ్నకు ఊరంతయు తల వంచవలసియుండగా, ఆ పసిబిడ్డ యొక్కడే తల వంచుకొనెను.

ఇది చీకటియుగపు సంగతి యని ఎవరైన అనుకొందురేమో. నిజాంసాగరపు ఆనకట్ట 1931 నాటికి పూర్తియై మంజీరానది నీరు ఈ పొలములకు పాఱెను. 1937లో శక్కరునగరమున చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. ఆసియాఖండమునందలి మిక్కిలి పెద్ద కర్మాగారములలో నొకటిగా అది పేరొందెను. అదే 1937లో ఆఱవ ఆంధ్రమహాసభ మందుముల నరసింగరావుగారి అధ్యక్షతను ఈ నిజామాబాదుననే జరిగెను. నీరు వచ్చినది, చక్కెర వచ్చినది, సభ వచ్చినది. అర్ధశతాబ్దము గడచినను జోగిని మాత్రము ఆ పల్లెలలో నట్లే యుండెను. మదరాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును నిషేధించుచు 1947లోనే శాసనము వచ్చినది. అది ఆ రాష్ట్రపు టెల్లలు దాటలేదు. తెలంగాణముతో గూడిన ఆంధ్రప్రదేశమునకంతకును అట్టి నిషేధచట్టము వచ్చినది 1988లో. సంపద పెరిగినచో హింస తానై తగ్గునని నమ్మువారు ఈ సంవత్సరములను ఒకదాని ప్రక్క నొకటి వ్రాసికొని చూడవలయును.

ఆ కాలముననే ఈ సీమకు కుంతివంటి యొక స్త్రీ వచ్చెను. మహాకవి గుఱ్ఱము జాషువగారి కుమార్తెయు, నాస్తికోద్యమనాయకులగు గోరాగారి కోడలును అయిన హేమలతా లవణముగారు 1980 దశకమున తమ భర్త లవణముగారితో గూడి జోగినియాచార నిర్మూలనమునకై నిజామాబాదు జిల్లాలో పనిచేసిరి. బోధనుకు సమీపముననున్న వర్ని యందు వారి సంస్కార్ సంస్థ పక్షమున వెలసిన నివాసమునకు చెల్లి నిలయమని పేరు. ఆ పేరులోనే ఒక వాదమున్నది. ఊరు ఆమెను అందఱి సొత్తనెను. వీరు ఆమెను అందఱి చెల్లెలనిరి. మాట యొక్కటియే మాఱినది. దానితో బాధ్యత తలక్రిందులైనది. సొత్తును అనుభవింతురు, చెల్లెలిని కాపాడుదురు. ఆచారమును ఎదిరించుటకు ముందు ఆచారము పెట్టిన పేరును ఎదిరింపవలయునని ఆమె యెఱిగినదని మాకు తోచుచున్నది.

జోగిని బహిరంగముగా జరిగినది. ఊరంతయు చూచి యూరకుండెను. ఇంటిలోపల జరుగునది రహస్యముగా జరుగును, తెలిసినవారు తెలియనట్లుందురు. రెంటికిని ప్రాణము మౌనమే. కావున ఇప్పుడు ఊరినుండి ఇంటిలోనికి పోదము.

నిజామాబాదు వాడలలో ఒక గృహమును మనస్సున నుంచుకొందము. ఇది ఏ యొక్కరి కథయు కాదు. మేము కల్పించుకొన్న యుదాహరణము. గృహస్థు బ్రతుకుదెరువునకై గల్ఫుదేశమునకు పోయి, రెండేండ్లకో మూడేండ్లకో ఒకమాఱు వచ్చును. ఇల్లాలు ఒడిలో చాట పెట్టుకొని, తునికాకును కత్తిరించి, తంబాకు నింపి, రోజంతయు బీడీలు చుట్టును. బజారుపనియు, బ్యాంకుపనియు, పిల్లల బడిపనియు మఱదియో, దగ్గఱిచుట్టమో చూచిపెట్టును. అతడు లేనిదే ఇల్లు నడవదు. తొమ్మిదేండ్ల బిడ్డ ఒకనాడు, "అమ్మా, చిన్నాయన దుకానంకు నేను పోను" అనును. తల్లి చాటనుండి తలయెత్తకయే, "అట్లనద్దు బిడ్డా, పెద్దోళ్లను అట్లంటరా" అనును. బిడ్డ మఱల ఆ మాట యెత్తదు.

ఈ తల్లిని మేము నిందింపము. ఆమె దుష్టురాలు కాదు, అలసినది. ఆమెకు నేర్పిన ధర్మమునే ఆమె బిడ్డకు నేర్పినది. పెద్దలమాటకు ఎదురాడరాదు, ఇంటిగుట్టు బయట పెట్టరాదు, ఆడుపిల్ల పేరు నలుగురి నోట పడరాదు. ఈ మూడును సామాన్యముగా మంచి మాటలే. అయినను ఈ మూడును కలిసి ఒక గదియై, అందులో ఆ బిడ్డ ఒంటరిగా మిగిలినది. మంచి నియమములు సైతము విచారణ లేనిచో దుర్మార్గునకు ప్రాకారములగుట ఇట్లే. పసిదానిమాట సగమే యుండును. తక్కిన సగము పెద్దలు అడిగి పూరింపవలయును. ఏకచక్రపురపు బాలుడు గడ్డిపరక చూపినట్లు, బిడ్డ ఒక చిన్న మాటనో, కడుపునొప్పినో, నిద్రలో ఉలికిపాటునో చూపును. మనము నవ్వి యూరకుందుమా, లేక అడుగుదుమా?

ఈ విషయమున లోకము చెప్పు ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది, కుటుంబగౌరవము. సంగతి బయటపడినచో ఇంటి పరువు పోవునని యందురు. పరువు పోగొట్టినదెవరు? చేసినవాడా, చెప్పినదా? దొంగతనము జరిగినప్పుడు దొంగను పట్టింతుముగాని, కేకవేసినవానిని నిందింపము. ఈ యొక్క నేరమునందే నేరము చేసినవానికి కాక, నేరమునకు గుఱియైన పసిబిడ్డకు సిగ్గు అంటగట్టుచున్నాము. సిగ్గు తన స్థానము తప్పినది. దానిని తగినవానిపై మఱల నుంచుటయే మర్యాదను కాపాడుట.

రెండవది, పిల్లలు కల్పించి చెప్పుదురని. పిల్లలు కల్పనలు చేయుదురు. రాజకుమారులను, మాటలాడు చిలుకలను కల్పింతురు. తమకు అన్నముపెట్టు చుట్టమును గూర్చి, చెప్పిన వెంటనే తల్లికి కోపము వచ్చునని తెలిసియు, చెప్పుటకు పదములైనను లేని సంగతిని కల్పించుట అరుదు. నమ్ముట యనగా వెంటనే తీర్పు చెప్పుట కాదు. విచారణకు తగినదిగా ఎంచుటయే నమ్ముట. తీర్పు చెప్పుటకు న్యాయస్థానమున్నది. వినుటకు మాత్రము ఇల్లే ఉండవలయును.

మూడవది, జీవనాధారము. ఇదియే అన్నిటికంటె బరువైనది. దీనిని ఉపన్యాసముచేత తోసివేయరాదు. బోధను కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వాముల చేతిలో పడి, 2015 డిసెంబరులో మూతపడినప్పుడు, కూలిపోయినవి జీతములు మాత్రమే కావు. నెలజీతపు ఇంట తల్లికి ఎవనినైన కాదనుటకు కొంత ధైర్యముండును. అప్పుపై నడచు ఇంట, అన్నము ఒకని చేతినుండి వచ్చు ఇంట, ఆ ధైర్యమునకు వెల హెచ్చు. కర్మాగారపు కాలమునందైనను, ఆ పిదపనైనను, చెఱకు నఱుకు కూలీలు పొలముగట్టున గుడిసె వేసికొని, చీకటితో లేచి పోవునపుడు పసిపిల్లలను ఎవరికప్పగింతురో మన మెప్పుడైన అడిగితిమా? కావున బిడ్డలను కాపాడవలయుననువారు తల్లులకు ఉపదేశము చేసి యూరకుండరాదు. తల్లికి స్వంతసంపాదన, బిడ్డకు బడి, కూలీ బిడ్డకు పగటియాశ్రయము, ఇవియే మొదటి కాపుదల. బడిలేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడేయని యెంచి, రంగారెడ్డి జిల్లాపల్లెలలో పనిచేసి, 2003లో మాగ్సేసే పురస్కారమందిన శాంతా సిన్హాగారు 2007లో జాతీయ బాలల హక్కుల సంరక్షణ సంఘమునకు ప్రథమాధ్యక్షురాలైరి. ఆమె సూత్రమునకు ఇచట మఱియొక యర్థము కలదు. బడికి పోవు బిడ్డను ప్రతిదినము ఇంటికి వెలుపలివారొకరు చూతురు. చూచువారుండుటయే సగము రక్షణము.

నాల్గవది, ఇంటిలోపలి సంగతులలో ప్రభుత్వమునకేమి పని యనునది. ఇది మిక్కిలి పాతపాట. 1860 నాటి శిక్షాస్మృతి బాలికకు పదేండ్ల వయస్సును హద్దుగా నుంచెను. బంగాళమున ఫూల్మణి యను బాలిక భర్తవలన మరణించిన పిమ్మట, ఆ హద్దును 1891లో పండ్రెండేండ్లకు పెంచబోగా, మా యిండ్లలోనికి ప్రభుత్వము చొరబడుచున్నదని పెద్దలు, పండితులు సభలు చేసిరి. 1892లో ప్రదర్శితమైన గురజాడవారి కన్యాశుల్కమున మన తెలుగునాట పసిపిల్లల వివాహవిక్రయము ఎంతటి నవ్వులాటయో, ఎంతటి యేడుపో లోకము చూచెను. 1929లో శారదాచట్టము వచ్చి బాలికలకు పదునాలుగేండ్లు, బాలురకు పదునెనిమిదేండ్లు వివాహవయస్సుగా నిర్ణయింపగా మఱల అదే గగ్గోలు. 2017లో సుప్రీముకోర్టువారు, పదునెనిమిదేండ్లు నిండని భార్యయు బాలికయే యనియు, ఆమెయెడ భర్త చేసినను నేరము నేరమే యనియు తీర్పు చెప్పిరి. పదినుండి పదునెనిమిదికి వచ్చుటకు మనకు నూటయేబదియేడేండ్లు పట్టినది. ప్రతి మెట్టునను అడ్డుపడిన వాదము ఒక్కటే: ఇది ఇంటి సంగతి.

ఈ జాప్యము మనకే ప్రత్యేకము కాదు. 1874లో న్యూయార్కునగరమున మేరీ ఎలెన్ యను బాలిక పెంపుడుతల్లిచేత దెబ్బలు తినుచుండగా, ఆమెను విడిపించుటకు తోడ్పడినవాడు జంతుహింసా నివారణసంఘ స్థాపకుడగు హెన్రీ బెర్గు. బిడ్డలకొఱకు అట్టి సంఘము ఆ పిమ్మట గాని యేర్పడలేదు. మన దేశమునను జంతుహింసా నివారణచట్టము 1890లోనే వచ్చినది. బాలలను లైంగికహింసనుండి కాపాడుటకే ప్రత్యేకించిన చట్టము 2012లో వచ్చినది. ఎద్దు మూగది యని మనము జాలిపడితిమి. బిడ్డకు నోరున్నదనుకొని యూరకుంటిమి. ఆ నోటిని మనమే మూసితిమని మఱచితిమి.

పోక్సో యను పేరున ప్రసిద్ధమైన ఆ చట్టము 2012 నవంబరు 14న అమలులోనికి వచ్చెను. అది బాలికలకేగాక బాలురకును వర్తించును. దానిలో ఒక నియమము నీతిశాస్త్రమునకు సంబంధించినది. బిడ్డపై ఇట్టి నేరము జరిగినదని యెఱిగినవారెవరైనను పోలీసులకు తెలుపవలయును. తెలుపనివాడు, బిడ్డ తప్ప, శిక్షార్హుడు. సద్బుద్ధితో తెలిపినవానిపై వ్యాజ్యము చెల్లదు. కుంతి తన మనస్సుచే చేసినదానిని చట్టము అందఱికి విధిగా చేసినదన్నమాట. విధింపబడిన ధర్మము ధర్మమగునా యని కొందఱడుగుదురు. మా సమాధానమిది. ఏకచక్రపురమున ఒక్క కుంతి లేకున్నచో ఆ యింటి గతి యేమి? బిడ్డల ప్రాణమును పొరుగువారి సౌజన్యమునకు వదలివేయుట న్యాయము కాదు. ధర్మము హృదయమున పుట్టుటకై వేచియుండునంతలో బిడ్డ పెద్దదగును.

అయితే ఈ విధియందు ఒక చిక్కు కలదని ఒప్పుకొందము. చెప్పిన మాట తప్పక పోలీసులకు చేరునని తెలిసినచో, చెప్పవలసిన బిడ్డయే చెప్పక యుండవచ్చును. తల్లి వైద్యునియొద్దకు తీసికొనిపోక యుండవచ్చును. ఈ భయము నిజమైనది. దీనికి మందు నియమమును విడుచుట కాదు. నియమము నడచు త్రోవను మెత్తనచేయుట. చట్టము ఆ త్రోవను కొంత చెప్పియేయున్నది. బిడ్డ వాఙ్మూలమును ఇంటనో, బిడ్డ కోరిన చోటనో, వీలైనంతవఱకు స్త్రీయగు పోలీసు అధికారి, యూనిఫారము లేక, వ్రాసికొనవలెను. రాత్రివేళ బిడ్డను ఠాణాలో నుంచరాదు. ఇరువదినాలుగు గంటలలో బాలలసంక్షేమ సమితికి తెలుపవలెను. న్యాయస్థానమున నిందితుడు బిడ్డకు కంటబడరాదు. ప్రశ్నలు న్యాయాధిపతి ద్వారముననే రావలెను. ఈ నియమములు కాగితముపై నిలిచియుండునా, నడచునా యనునది ప్రతి యూరి పౌరులును అడుగవలసిన ప్రశ్న.

ఇచట మఱల కుంతియొద్దకు వత్తము. భీముని పంపుటకు నిశ్చయించిన పిమ్మట, ఈ సంగతి ఎవరికిని చెప్పకుమని ఆమె ఆ గృహస్థును కోరెను. అడుగుటయందు ధైర్యము చూపిన స్త్రీయే దాచుటయందు వివేకము చూపెను. మా వ్యాసమునకు పేరిచ్చిన భేదమిదియే. మౌనములు రెండు. బకుని కాపాడు మౌనమొకటి. బకుని ఎదిరించువారిని, వానివాత పడవలసినవారిని కాపాడు మౌనము వేఱొకటి. పోక్సో చట్టము ఒకచేత మొదటి మౌనమును శిక్షించుచున్నది. రెండవచేత, బిడ్డ పేరును, బడిని, ఇంటిని పత్రికలు వెల్లడింపరాదని శాసించి రెండవ మౌనమును విధించుచున్నది. చెప్పవలసినచోట చెప్పుట, చెప్పరానిచోట చెప్పకుండుట, ఈ రెండును ఒక్క ధర్మమే. మన వాడలలో దీనికి విపరీతము జరుగుచున్నది. ఠాణాకు తెలుపము, ఇరుగుపొరుగునకెల్ల చెప్పుకొందుము. తప్పుచేసినవాని పేరు దాచుదుము. బిడ్డ పేరును పంచుకొందుము. చేతిలోని సెల్‌ఫోనుచే ఇది క్షణములో ఊళ్లు దాటుచున్నది.

ఆ సెల్‌ఫోనుననే మేలును కలదు. 1996లో బొంబాయి టాటా సామాజికశాస్త్ర సంస్థయందు జెరూ బిల్లిమోరియాగారు ప్రయోగముగా నారంభించిన 1098 అను ఫోనుసంఖ్య నేడు దేశమంతట బాలల సహాయమునకున్నది. 2023 నుండి దానిని ప్రభుత్వమే నేరుగా నడపుచున్నది. దస్, నౌ, ఆఠ్ అని లెక్కవలె పలుకవచ్చును గనుక, అక్షరములు రాని బిడ్డకును నోటికి వచ్చును. బాలల హక్కుల సంఘమువారు 2016లో పోక్సో ఈ-బాక్సు అను పేర ఇంటర్నెట్టున ఫిర్యాదుపెట్టె నొకదానిని నెలకొల్పిరి. తెలంగాణ పోలీసులు ఏటేట జనవరిలో ఆపరేషన్ స్మైల్ అనియు, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అనియు, పనిలో చిక్కిన బిడ్డలను, తప్పిపోయిన బిడ్డలను వెదకుచున్నారు. ఇవి యన్నియు తలుపులు. తలుపున్నదని బిడ్డకు తెలియవలయును. తట్టినచో తల్లి కోపగించుకొనదని అంతకంటె ముందు తెలియవలయును. ఇంట వినబడని మాట యంత్రమున కేల చెప్పును?

కావున పని ఇంటనే మొదలిడవలయును. బిడ్డకు తన శరీరభాగములకు సిగ్గులేని పేర్లు నేర్పవలయును. పేరులేని దానిని గూర్చి ఫిర్యాదుండదు. పెద్దలయెడ గౌరవము నేర్పుచునే, గౌరవమునకు హద్దు కలదని, ఎవరైనను రహస్యముంచుమని భయపెట్టినచో ఆ రహస్యము ఉంచరానిదని చెప్పవలయును. బిడ్డకు ఇష్టములేనప్పుడు చుట్టములు వచ్చిరని బలవంతముగా ముద్దుపెట్టింపరాదు. కొట్టి పెంచిన బిడ్డ కొట్టువారికి లొంగుట నేర్చుకొనును. 2009 విద్యాహక్కుచట్టము బడిలో బెత్తమును నిషేధించినది, ఇంటి బెత్తమును నిషేధింపవలసినవారము మనము. కొడుకులను మఱువరాదు, మగపిల్లవాడు ఏడువరాదను మాట వాని నోటికి రెండవ తాళము. అన్నిటికంటె ముఖ్యము, చిన్నమాటలు వినుట. పగిలిన పలకను గూర్చి, పోయిన బలపమును గూర్చి చెప్పినప్పుడు విన్న తల్లికే బిడ్డ పెద్దమాట చెప్పును.

కుంతి ఆ పని తలపెట్టినందుకు ధర్మరాజే ఆమెను తప్పుపట్టెను. పరుల కొడుకు కొఱకు మన కొడుకును పంపుదువాయని ఆయన యడిగెను. ధర్మపుత్రునకే అట్లు తోచినప్పుడు మనబోంట్లకు తోచుటలో వింతయేమి? ఆమె కోపగించుకొనలేదు. వీరి యింట నీడ పొందితిమి, వీరి కష్టము మనదియే యని నచ్చజెప్పెను. మనమందఱము ఒకరి గోడనీడను ఒకరము బ్రతుకుచున్నవారమే. ఆ గోడకు ఇవతలివైపున మన చెవి యున్నది. అవతలివైపున, ఇందూరి బీడీవాడలోనో, శక్కరునగరపు పాతక్వార్టరులోనో, వర్ని త్రోవను చెఱకుగట్టు గుడిసెలోనో, ఒక బిడ్డ గడ్డిపరక చేతబట్టుకొని నిలుచున్నది. ఆ పరకతో రాక్షసుడు చావడు. దానిని చూచి నవ్వక, ఏమమ్మా యని యడుగువా రొక్కరున్నచో చాలును.